కొరియర్ కంపెనీలో పనిచేసేవాళ్ళు నిజంగా ఏమనుకుంటారు? పదకొండేళ్ళు చేసినవాడి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డిగ్రీ అయింది, కూకట్‌పల్లి వైపు ఒక పెద్ద కొరియర్ కంపెనీ హబ్‌లో (ప్యాకెట్లు దిగి, ఏరియాల వారీగా పంచే చోటు) డెలివరీ ఎగ్జిక్యూటివ్‌గా రమ్మన్నారు, నెలకి పదహారు వేలు, పెట్రోలు వేరే అన్నారు. ఆన్‌లైన్‌లో ఆ కంపెనీ ఉద్యోగుల రివ్యూలు తిరగేస్తే సగం మంది "మంచి టీమ్, చాలా నేర్చుకోవచ్చు" అని, సగం మంది "చేరి చెడిపోవద్దు" అని రాశారు, ఎవరిని నమ్మాలి అన్నావు. ఇద్దరినీ నమ్ము. ఇద్దరూ ఒకే కంపెనీ గురించి రాస్తున్నామనుకుంటున్నారు, కానీ కాదు.

నా సంగతి ముందు చెప్తా, లేకపోతే ఎవడో దారినపోయేవాడి మాట నువ్వెందుకు వినాలి. 2012లో వీపున సంచి, చేతిలో కాగితం రన్‌షీట్‌తో (ఆ రోజు ఇవ్వాల్సిన ప్యాకెట్ల జాబితా) మొదలుపెట్టాను. నాలుగున్నరేళ్ళు బండి మీద, రెండేళ్ళు సార్టింగ్‌లో (గోడౌన్‌లో ప్యాకెట్లు ఏరియాల వారీగా విడదీసే పని), మిగతాదంతా హబ్ ఇన్‌చార్జ్‌గా, మధ్యలో ఒకసారి కంపెనీ మారి, 2023లో మానేశాను. ఇప్పుడు సొంతంగా రెండు ట్రాలీ ఆటోలు తిప్పుకుంటున్నా. ఆ రెండు కంపెనీల పేర్లు అడగొద్దు. చెప్పినా నీకు పనికిరావు, ఎందుకో కింద చదివితే నీకే తెలుస్తుంది.

రివ్యూల గురించి ఒక్కమాట. రాత్రి ఎనిమిదింటికి క్యాష్ కట్టి, తొమ్మిదింటికి ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుని పడుకునే రైడర్ ఇంగ్లీషులో కూర్చుని రివ్యూ రాయడు. రాసేది ఎక్కువగా ఆఫీసువాళ్ళు, వాళ్ళ గొడవలు వేరు, శనివారం సెలవు ఉందా లేదా, హైక్ ఎంత, మేనేజర్ మెయిల్‌లో ఎలా మాట్లాడతాడు, ఇవీ. నేను హబ్‌లో ఉండగా ఒకసారి హెచ్‌ఆర్ నుంచి మెసేజ్ వచ్చింది, కొత్తగా చేరినవాళ్ళ చేత మంచి రివ్యూలు పెట్టించండి అని. ఆ వారం ఐదు స్టార్లు జలజలా పడ్డాయి, అందులో మూడింట్లో అక్షరం తేడా లేదు. ఒక్క స్టార్ ఇచ్చినవాళ్ళు చాలావరకు మానేసినవాళ్ళు, ఆఖరి నెల డబ్బులు రాక కడుపుమంటతో రాసినవాళ్ళు. అబద్ధం రాయరు, కానీ ఆ మంటలోనే రాస్తారు. నువ్వు చదవాల్సింది మూడు స్టార్లు ఇచ్చి, ఏ ఊరు, ఏ హబ్ అని పేరు పెట్టి రాసినవి. అసలు మాటలు మాత్రం రైడర్ల వాట్సాప్ గ్రూపుల్లో, హబ్ ఎదురుగా టీ కొట్టు దగ్గర ఉంటాయి, అవి నెట్‌లో దొరకవు.

ఇక అసలు విషయం. టీషర్ట్ మీద పేరు ఒకటి, జీతం స్లిప్పు మీద పేరు ఇంకొకటి. నాకు ఈ సంగతి అర్థం కావడానికి ఏడాది పట్టింది.

ఒక హబ్‌లో ముప్పైమంది రైడర్లు ఒకే రంగు టీషర్ట్ వేసుకుని కనిపిస్తారు. అందులో ఐదారుగురు కంపెనీ రోల్ మీద ఉంటారు, పాతకాపులు. పది, పదిహేనుమంది వెండర్ రోల్, అంటే మనుషుల్ని సప్లై చేసే ఇంకో సంస్థ వాళ్ళకి జీతమిస్తుంది. మిగతావాళ్ళు ప్యాకెట్‌కి ఇంత అని చేసేవాళ్ళు, వాళ్ళకి జీతమే లేదు, ఎన్ని డెలివరీలు అయితే అన్ని డబ్బులు. నేను మానేసేటప్పటికి మా దగ్గర ప్యాకెట్‌కి పన్నెండు నుంచి పదహారు రూపాయల మధ్య నడిచేది, హబ్‌ని బట్టి, బరువుని బట్టి. ముగ్గురూ పొద్దున్నే ఒకే వ్యాన్ దించుతారు, ఒకే గల్లీల్లో తిరుగుతారు, ఒకే కుక్క వెంటపడుతుంది. కంపెనీ ఎలా ఉందిరా అని అడిగితే మాత్రం మూడు జవాబులు వస్తాయి.

ఎంత తేడా అంటే చెప్తా విను. ఒకే వానాకాలంలో మా హబ్‌లో ఇద్దరు కుర్రాళ్ళు బండి మీద నుంచి పడ్డారు. ఒకడు ప్రగతి నగర్ చెరువు దగ్గర జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు, ఇంకొకడికి నిజాంపేట రోడ్డులో ఆటో తగిలి చెయ్యి విరిగింది. మొదటివాడు కంపెనీ రోల్, ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ వైద్య బీమా) ఉంది, సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది, పైసా కట్టలేదు, ఇంట్లో ఉన్న రోజులకి జీతంలో దాదాపు తొంభై శాతం ఈఎస్ఐ వాళ్ళే ఇచ్చారు. డ్యూటీలో దెబ్బ తగిలితే చేరిన మొదటి రోజు నుంచే ఇది వర్తిస్తుంది, చాలామందికి తెలియదు. రెండోవాడు ప్యాకెట్ లెక్క. వాడి కోసం మేం హబ్‌లో తలా రెండొందలు, ఐదొందలు వేసుకున్నాం. పదమూడు వేల చిల్లర అయింది. దాన్ని కవర్లో పెట్టి వాళ్ళమ్మ చేతిలో పెట్టేటప్పుడు నేనూ కంపెనీ టీషర్ట్ వేసుకునే ఉన్నా. ఆవిడ "మీ కంపెనీ వాళ్ళు మంచోళ్ళు బాబూ" అంది. ఏం చెప్పాలి?

కాబట్టి నీకిచ్చిన ఆఫర్‌లో మొట్టమొదట చూడాల్సింది పదహారు వేలు కాదు. ఆ కాగితం మీద పైన ఎవరి పేరుంది, అది ముందు చూడు.

రెండోది ఆ పదహారు వేలు గ్రాసా (కోతలకి ముందు జీతం), సీటీసీనా (నీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు). గ్రాస్ అయితే, బేసిక్ పన్నెండు వేలు అనుకో, నీ పీఎఫ్ 12 శాతం అంటే 1,440 పోతుంది, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 120, తెలంగాణలో 15 వేలు దాటి 20 వేల లోపు జీతానికి వృత్తి పన్ను 150. చేతికి 14,290. సీటీసీ అన్నారంటే కంపెనీ కట్టాల్సిన పీఎఫ్, ఈఎస్ఐ కూడా నీ పదహారులోంచే తీస్తారు, అప్పుడు పన్నెండున్నర దరిదాపుల్లోకి వస్తుంది. పీఎఫ్ కోత చూసి బాధపడకు, అది నీ డబ్బే, పైగా పీఎఫ్ మెంబర్ ఉద్యోగంలో ఉండగా చనిపోతే ఇంట్లోవాళ్ళకి ఏడు లక్షల దాకా బీమా ఉంటుంది. కోసి కట్టని వెండర్లు ఉన్నారు చూడు, అదీ బాధ. మూడో నెలలో యూఏఎన్‌తో (నీ పీఎఫ్ నంబర్) లాగిన్ అయ్యి పాస్‌బుక్ నీ కళ్ళతో చూసుకో. మా రెండో కంపెనీలో ఒక వెండర్ ఏడు నెలలు కోశాడు, కట్టింది రెండు నెలలకే. కుర్రాళ్ళకి తెలిసేసరికి వెండరే మారిపోయాడు.

పెట్రోలు వేరే అన్నారు కదా, ఆ లెక్క కూడా వేసుకో. రోజుకి డెబ్బై కిలోమీటర్లు, బరువు వేసుకుని గల్లీల్లో ఆగుతూ పోతే నీ బండి నలభై ఐదు కంటే ఇవ్వదు. లీటరు 107 రూపాయలు అనుకుంటే రోజుకి 166, ఇరవై ఆరు రోజులకి నాలుగు వేల మూడొందలు. కిలోమీటరుకి రెండున్నర ఇస్తే నాలుగు వేల ఐదొందలు వస్తాయి, సరిపోయిందే అనుకుంటావు. సరిపోలేదు. ఆ స్పీడులో రెండు నెలలకోసారి ఇంజినాయిల్, ఏడాదికి రెండు టైర్లు, చైన్ సెట్టు, క్లచ్ ప్లేట్లు, ఇవి నీ జేబులోంచే. బండి నీది, అరుగుదల నీది. ఇంకొకటి, నీది తెల్ల నంబర్ ప్లేట్ బండి, ఇన్సూరెన్స్ సొంత వాడకానికి తీసుకున్నది. డెలివరీలో ఉండగా యాక్సిడెంట్ అయితే క్లెయిమ్‌లో ఇన్సూరెన్స్ వాళ్ళు పేచీ పెట్టొచ్చు. ఈ ముక్క ఏ హబ్ ఇన్‌చార్జూ చెప్పడు. నేనూ చెప్పలేదు.

సరే, ఇక పని ఎలా ఉంటుందో. పొద్దున ఆరుంబావుకి పెద్ద బండి వస్తుంది, మేడ్చల్ వైపు నుంచో శంషాబాద్ వైపు నుంచో. సీల్ కోసి బ్యాగులు కింద గుమ్మరిస్తారు. అప్పుడు హబ్‌లో వినిపించేది స్కానర్ల చప్పుడు ఒక్కటే, టిక్ టిక్ టిక్ అని, మధ్యలో ఎవడో ఏరియా పేరు అరుస్తాడు, ఇంకొకడు ప్యాకెట్ విసురుతాడు. (విసరకూడదు. విసురుతాం.) ఏడున్నరకి నీ బీట్ (నువ్వు తిరగాల్సిన ఏరియా) ప్యాకెట్లు నీ ముందు గుట్టగా ఉంటాయి. ఇక్కడే కొత్తవాడికీ పాతవాడికీ తేడా తెలిసేది. కొత్తవాడు చేతికందింది అందినట్టు సంచిలో కుక్కుతాడు. పాతవాడు ఆఖరి ఇల్లు అడుగున, మొదటి ఇల్లు పైన వచ్చేలా తిరగేసి సర్దుతాడు, ప్యాకెట్ మూల మీద స్కెచ్ పెన్నుతో నంబర్ వేసుకుంటాడు, సీఓడీవి (ఇంటి దగ్గర డబ్బు తీసుకుని ఇచ్చేవి) కుడి జేబు వైపు, చీర కవర్లు మడతపడకుండా వీపు వైపు. ఈ సర్దడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, మధ్యాహ్నం రెండు గంటలు మిగులుతాయి. నాకు ఇది నేర్పినవాడు ఏడో తరగతి దాకానే చదివాడు. హైదరాబాద్‌లో వాడంత బాగా అడ్రస్ చదివేవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు, "హనుమాన్ టెంపుల్ దగ్గర, సందులో రెండో ఇల్లు" అని రాస్తే ఏ హనుమంతుడో పిన్‌కోడ్ చూసి చెప్పేసేవాడు.

బీట్ ఎవరికి ఏది పడుతుందన్నదే ఈ ఉద్యోగంలో సగం సుఖం, సగం కష్టం. పెద్ద అపార్ట్‌మెంట్ల బీట్ పడితే ఒక్క గేటు దగ్గర పాతిక ప్యాకెట్లు అయిపోతాయి, మధ్యాహ్నం మూడింటికి ఇంట్లో ఉంటావు. కొత్తగా లేసిన కాలనీల బీట్ పడితే ఇంటి నంబర్లు ఉండవు, రోడ్డు తవ్వి ఉంటుంది, మ్యాప్ తీసుకెళ్ళి ఎవరి కాంపౌండ్ గోడ దగ్గరో నిలబెడుతుంది, నలభై ప్యాకెట్లకి రాత్రవుతుంది. ప్యాకెట్ లెక్క వాడికి ఇది రోజుకి ఐదారొందల తేడా. ఈ బీట్లు పంచేది హబ్ ఇన్‌చార్జ్. వాడు మంచివాడైతే నెలనెలా మారుస్తాడు, కాకపోతే తన ఊరివాళ్ళకీ, సాయంత్రం బిర్యానీ తెచ్చిచ్చేవాళ్ళకీ మంచివి ఇస్తాడు. అందుకే కంపెనీ పేరు చెప్పినా ఉపయోగం లేదన్నా. ఒకే కంపెనీ, రెండు కిలోమీటర్ల దూరంలో రెండు హబ్‌లు, ఒక దాంట్లోంచి ఆరేళ్ళుగా ఎవడూ కదల్లేదు, రెండో దాంట్లో మూడు నెలలకోసారి మొహాలు మారేవి.

రైడర్లు దేన్ని ఎక్కువగా తిట్టుకుంటారో నీకు తెలియాలి. బరువు కాదు, ఎండ కూడా కాదు. షార్టేజ్, అంటే పోయిన సరుకు డబ్బు నీ మీద వేయడం.

నాకు మొదటి షార్టేజ్ చేరిన ఆరో నెలలో పడింది. ఒక సెల్‌ఫోన్, 7,200 రూపాయలు, సీఓడీ. కస్టమర్ డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు, సంతకం పెట్టాడు, నవ్వుతూ తలుపేశాడు. మర్నాడు కంప్లైంట్, డబ్బాలో ఫోన్ లేదు, బట్టల సబ్బు ఉంది అని. సబ్బు ఎక్కడ పెట్టారో, ఫ్యాక్టరీలోనా, గోడౌన్‌లోనా, దారిలోనా, ఆయన ఇంట్లోనా, దేవుడికి తెలియాలి. కానీ ఆఖరున ముట్టుకున్న చెయ్యి నాది. మూడు నెలలు జీతంలోంచి కోశారు. అడిగితే "కేస్ క్లోజ్ అయింది" అన్నారు, కేస్ ఎప్పుడు తెరిచారో మాత్రం చెప్పలేదు. ఇప్పుడు ఖరీదైనవాటికి ఓపెన్ బాక్స్ డెలివరీ వచ్చింది, కస్టమర్ ముందే డబ్బా తెరిచి చూపించి ఓటీపీ తీసుకుంటారు, ఆ బాధ కొంత తగ్గింది. చిన్న చిన్న షార్టేజ్‌లు మాత్రం పోలేదు. బ్యాగులో ఎక్కినట్టు సిస్టమ్ చూపిస్తుంది, చేతికి రాదు, సాయంత్రానికి నీ పేరు మీద ఉంటుంది.

నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, ఉద్యోగి జీతంలోంచి నష్టం కింద కోయాలంటే ముందు అతని వివరణ అడగాలి, అతని తప్పు వల్లే పోయిందని తేలాలి. పాత వేతన చెల్లింపు చట్టంలోనూ ఇదే ఉంది, ఇప్పటి వేతన కోడ్‌లోనూ ఇదే ఉంది, అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదని కూడా ఉంది. నాకు అప్పుడు ఇది తెలియదు. తెలిసిన తర్వాత ఇన్‌చార్జ్‌గా నేను చేసింది ఒక్కటే, షార్టేజ్ పడిన ప్రతివాడి చేత అదే రోజు మెయిల్ పెట్టించేవాణ్ణి, సీసీ కెమెరా ఫుటేజ్ ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా చూడండి అని. సగం కోతలు అక్కడే ఆగిపోయేవి, ఎందుకంటే ఫుటేజ్ వెతకడం కంటే కేస్ వదిలేయడం వాళ్ళకి తేలిక.

రాత్రి క్యాష్ కట్టడం అని ఇంకో తతంగం. ఒకప్పుడు చొక్కా లోపల బనియన్ జేబులో నలభై వేలు పెట్టుకుని తిరిగేవాళ్ళం. 2016 నవంబర్‌లో పెద్ద నోట్లు రద్దు చేసిన వారం మర్చిపోలేను, సీఓడీ ప్యాకెట్లు కుప్పలుగా వెనక్కొచ్చాయి, కొందరు తలుపు తీసి రద్దయిన ఐదొందల నోట్లు చూపించి "ఇవి తీసుకోవయ్యా, పైన నీకో వంద ఇస్తా" అని బేరం కూడా పెట్టారు. ఇప్పుడు క్యూఆర్ చూపిస్తే చాలు. క్యాష్ టెన్షన్ పోయింది, దాని స్థానంలో "పేమెంట్ వెళ్ళింది, నీకే రాలేదు" అనే టెన్షన్ వచ్చింది. నీ యాప్‌లో పడనిదే ప్యాకెట్ ఇవ్వకు, వాళ్ళ ఫోన్‌లో ఆకుపచ్చ టిక్ చూసి మోసపోయినవాళ్ళు మా హబ్‌లోనే ముగ్గురున్నారు.

రిటర్న్ పికప్‌ల గురించి రైడర్లని కదిపి చూడు, బూతులు వస్తాయి. పెళ్ళికి వేసుకుని, అత్తరు వాసనతో, ట్యాగ్ సూదిదారంతో కుట్టి తిరిగిచ్చిన లెహంగా నేను నా చేతులతో చూశా. యాప్‌లో ప్రశ్నలుంటాయి, ట్యాగ్ ఉందా, మరక ఉందా, రంగు అదేనా. లేదు అని కొడితే కస్టమర్ నీ మీద పడుతుంది, ఉంది అని కొడితే గోడౌన్‌వాళ్ళు నీ మీద పడతారు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, అమ్మినవాడి మీద కోపం, ఆలస్యం చేసిన గోడౌన్ మీద కోపం అన్నీ గడపలో నిలబడ్డ కుర్రాడి మీదే.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నువ్వు కస్టమర్‌గా ఎప్పుడో చూసే ఉంటావు, ఇంట్లోనే ఉన్నావు, ఫోన్ మోగలేదు, కానీ "కస్టమర్ అందుబాటులో లేరు" అని మెసేజ్ వచ్చింది. బద్ధకస్తుడు డెలివరీ బాయ్ అనుకుంటారు. రాత్రి ఎనిమిదింటికి చేతిలో ఇంకా పద్దెనిమిది ప్యాకెట్లుంటే, పెండింగ్ అని చూపిస్తే పైనుంచి ఇన్‌చార్జ్‌కి ఫోన్, ఇన్‌చార్జ్ నుంచి రైడర్‌కి ఫోన్. ఆ ఒక్క బటన్ కొడితే లెక్క కస్టమర్ ఖాతాలోకి పోతుంది, ఎవరికీ ఫోన్ రాదు. నేను రైడర్‌గా కొట్టాను, ఇన్‌చార్జ్‌గా కొట్టమన్నాను. పొద్దున ఎనిమిదింటి కాన్ఫరెన్స్ కాల్‌లో హబ్ హబ్‌కీ పెండెన్సీ శాతం (ఇవ్వకుండా మిగిలిన ప్యాకెట్లు) చదువుతారు, అందరి ముందు. రెండు పాయింట్లు ఎక్కువుంటే ఆ రోజు నీ పరువు గంగలో కలిసినట్టే. హబ్ ఇన్‌చార్జ్ ఉద్యోగం ఈ మొత్తంలో అన్నిటికంటే దరిద్రమైనదని నా అభిప్రాయం, అడకత్తెరలో పోకచెక్క, రైడర్ కంటే పది వేలు ఎక్కువ, నిద్ర నాలుగు గంటలు తక్కువ. నీకు రెండేళ్ళలో ఇన్‌చార్జ్ చేస్తాం అని ఆశ పెడతారు. తొందరపడకు.

దసరా, దీపావళి ముందు వచ్చే పెద్ద సేల్స్ రోజులు వేరే లోకం. అరవై ప్యాకెట్ల చోట నూట ఇరవై, నూట ముప్పై. అప్పుడే డబ్బు కూడా. మంచి బీట్‌లో ప్యాకెట్ లెక్క కుర్రాడు ఆ నెల ముప్పై ఐదు వేలు తీసుకున్న సందర్భాలు నేను చూశా. ఇన్సెంటివ్ స్లాబ్‌లు మాత్రం జాగ్రత్తగా చదువు. ఎనభై దాటితే ప్యాకెట్‌కి రెండు రూపాయలు ఎక్కువ అంటారు, నీకు డెబ్బై ఎనిమిది ఇస్తారు. ఒకటి రెండు రోజులు యాదృచ్ఛికం అనుకోవచ్చు, నెలంతా అలాగే వస్తే కాదు.

మరి ఇంత ఉండి మనుషులు ఎందుకు ఉంటారు, నేను పదకొండేళ్ళు ఎందుకున్నా? ఈ ప్రశ్న నన్ను మా ఆవిడ కూడా అడిగింది. నిజం చెప్పాలంటే బండి స్టార్ట్ చేసి హబ్ గేటు దాటాక నీ నెత్తి మీద ఎవడూ ఉండడు. నాలుగ్గోడల మధ్య ఏసీలో కూర్చుని మేనేజర్ మొహం చూసే ఉద్యోగం నావల్ల కాదని నాకు అప్పుడే తెలిసింది. ఒక బీట్‌లో ఏడాది తిరిగితే ఆ ఏరియా నీ ఊరైపోతుంది. ఏ ఇంట్లో ముసలాయన ఒంటరిగా ఉంటాడో, ఏ ఇంటి కుక్క అరుస్తుందే గానీ కరవదో, ఎవరి కొడుకు అమెరికా నుంచి ఎప్పుడు మందులు పంపిస్తాడో అన్నీ తెలుస్తాయి. వసంత్ నగర్‌లో ఒక పెద్దావిడ, మే నెలలో ప్యాకెట్ ఉన్నా లేకపోయినా నేను ఆ సందులో కనిపిస్తే స్టీలు గ్లాసుతో మజ్జిగ పట్టుకొచ్చేది, అల్లం వేసి, కొత్తిమీర వేసి. అదే సందు చివర అపార్ట్‌మెంట్‌లో మమ్మల్ని లిఫ్ట్ ఎక్కనిచ్చేవాళ్ళు కాదు, సామాన్ల లిఫ్ట్‌లో పొమ్మనేవాళ్ళు, అది పాడైతే ఐదో అంతస్తుకి మెట్లే. రెండూ ఒకే సందులో.

కానిస్టేబుల్‌కో గ్రూప్స్‌కో ప్రిపేర్ అయ్యే కుర్రాళ్ళు ఈ పనికి బాగా వస్తారు, మూడింటికి అయిపోతే సాయంత్రం చదువుకోవచ్చని. మా హబ్ నుంచి ఇద్దరికి నిజంగానే పోలీసు ఉద్యోగాలొచ్చాయి, ఇప్పుడు సిగ్నల్ దగ్గర మన టీషర్ట్ కనిపిస్తే చలానా రాయరని ఒక పుకారు.

రాత్రి సార్టింగ్ వాళ్ళ గురించి నెట్‌లో ఎవరూ రాయరు. పెద్ద గోడౌన్లలో రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా నిలబడే పని. రైడర్ కనీసం ఎండలోనైనా గాలి పీలుస్తాడు. అక్కడ నాలుగు గంటలకి కళ్ళు మూతలు పడతాయి, బెల్టు ఆగదు. నేను చేసిన రెండేళ్ళలో ఎక్కువ పోగొట్టుకున్నది నడుమే, ఇప్పటికీ వంగితే గుర్తుచేస్తుంది. నీకు డెలివరీ, సార్టింగ్ రెండిట్లో ఏది కావాలంటే డెలివరీ తీసుకో.

కింద కామెంట్లలో ఎవరో అమెరికాలో ఇదే పనికి ఎంత గౌరవమో చూడండి అని రాశారు. నిజమే, అక్కడ యూపీఎస్ అనే కొరియర్ కంపెనీ డ్రైవర్లకి టీమ్‌స్టర్స్ అనే యూనియన్ ఉంది, 2023లో సమ్మె అంచు దాకా వెళ్ళి ఐదేళ్ళ ఒప్పందం తెచ్చుకున్నారు, 2024 నుంచి కంపెనీ కొనే వ్యాన్లలో ఏసీ పెట్టాలని కూడా రాయించుకున్నారు. గౌరవం ఊరికే రాలేదు. మన దగ్గర ఇప్పుడిప్పుడే కదులుతోంది. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం గిగ్ వర్కర్లకి (నెలజీతం లేకుండా పనికి ఇంత అని చేసేవాళ్ళకి) ఐదు లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. 2025 నవంబర్ 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి తెచ్చింది. అందులో గిగ్ వర్కర్ అనే మాట చట్టంలోకి ఎక్కింది, అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం తప్పనిసరి అయింది, మానేసినవాడికి రావాల్సిన జీతం రెండు పని దినాల్లో ఇవ్వాలని ఉంది. కాగితం మీద ఉన్నది హబ్ దాకా రావడానికి టైం పడుతుంది, కానీ అడగడానికి నీకొక ఆధారం ఉంది, నాకు లేదు. ప్యాకెట్ లెక్కలో చేరినా సరే ఈ-శ్రమ్‌లో (కేంద్రం వాళ్ళ అసంఘటిత కార్మికుల వెబ్‌సైట్) పేరు నమోదు చేసుకో, ఆధార్, దానికి లింకైన ఫోన్, బ్యాంకు ఖాతా ఉంటే పది నిమిషాల పని.

ఇక నీ సంగతి. ఆఫర్ కంపెనీ రోల్ అయితే, లేదా పీఎఫ్, ఈఎస్ఐ సక్రమంగా కట్టే వెండర్ అయితే, చేరు. రెండేళ్ళు చెయ్యి, ఆ తర్వాత మళ్ళీ ఆలోచించు. ప్యాకెట్ లెక్క అయ్యి, బండి ఈఎంఐ మీద ఉంటే చేరకు, బండి కోసం పనిచేసి బండిని అరగదీసుకోవడమే అవుతుంది. ఇంట్లో అప్పు ఉండి వెంటనే చేతికి డబ్బు కావాలంటే సేల్ సీజన్ రెండు నెలలు ప్యాకెట్ లెక్కలో చేసి బయటికి రా, అది తప్పేం కాదు, నేనే చాలామందికి అలా చెప్పా.

సంతకం పెట్టే ముందు ఒక పని చెయ్యి. ఆ హబ్ దగ్గరికి పొద్దున ఆరున్నరకి వెళ్ళు, ఇంటర్వ్యూకి వచ్చినట్టు కాదు, ఊరికే. ఎదురుగా టీ కొట్టు ఉంటుంది, తప్పకుండా ఉంటుంది. టీ తాగుతూ ముగ్గురిని అడుగు, పోయిన నెల జీతం ఏ తారీఖున పడింది, షార్టేజ్ కింద ఎంత కోశారు, నీ బీట్ ఎన్నాళ్ళ నుంచి మారలేదు. ఎవడైనా పాతవాడు దొరికితే ఫోన్‌లో శాలరీ స్లిప్ చూపించమను, చూపిస్తారు, దాంట్లో దాచేదేం ఉంటుంది. ఆ స్లిప్పు మీద పైన ఏ పేరుందో చూసి వచ్చి ఇక్కడ రాయి. కంపెనీ పేరు రాయక్కర్లేదు, టీషర్ట్ మీద ఉన్నదీ అదీ ఒకటేనా కాదా, అంతే రాయి. నేను రాత్రి తొమ్మిది తర్వాత చూస్తా, పగలంతా ఆటోల మీదే ఉంటా.